షికారు: వేట వదిలేసిన మాట

తెలుగు పత్రికలు చదివేవాళ్లకు ఈ వాక్యం కొత్త కాదు: ఫలానా మంత్రి పదవి ఊడుతుందని పుకార్లు షికార్లు చేస్తున్నాయి. హైదరాబాదు పాతబస్తీ పత్తర్‌గట్టిలో ఏ ఉర్దూ పుస్తకాల దుకాణం ముందరో నిలబడి దీన్ని పైకి చదివితే, గల్లా దగ్గర కూర్చున్న పెద్దమనిషికి రెండు మాటలు తెలిసినవే తగులుతాయి, వాక్యం మాత్రం చిక్కదు. ఆయన భాషలో పుకార్ అంటే కేక, పిలుపు. షికార్ అంటే వేట. కేకలు వేటాడుతున్నాయని కాబోలు అనుకుంటాడు. మన దగ్గరికొచ్చేసరికి కేక గుసగుస అయింది, వేట తిరుగుడయింది. రెంటికీ తెలుగులో ప్రాస కూడా కుదిరింది కాబట్టి విలేకరులు ఆ జంటను ఇక విడదీయరు.

అదే దుకాణంలో ఉర్దూ పత్రిక తెరిస్తే 'మెహెంగాయీ కా షికార్' అని కనిపిస్తుంది. ధరల వాత పడ్డ జనం అని అర్థం. పారసీలోనూ ఉర్దూలోనూ షికార్ అంటే వేటాడటమే కాదు, వేటకు చిక్కిన జంతువు కూడా. దెబ్బతిన్నవాడు, మోసపోయినవాడు, బలైపోయినవాడు, అందరూ షికార్‌లే. ఒకే వీధిలో, ఒకే మాట, ఒక కాగితం మీద నెత్తురోడుతుంటే ఇంకో కాగితం మీద చల్లగాలికి తిరుగుతోంది.

ఇరుగుపొరుగు భాషలను అడిగి చూడండి. కన్నడిగుడికి శికారి అంటే వేటే. మరాఠీవాడికి శికార్ అంటే వేటే. దక్కనీ ఉర్దూ గుమ్మం దగ్గరే ఉన్న తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు శికారికి పోయిండ్రు అంటే కుందేళ్లకో అడవిపందులకో పోయినట్టే. పుస్తకాల తెలుగు, పత్రికల తెలుగు, సినిమా తెలుగు మాత్రం ఈ మాట చేతిలోంచి తుపాకీ లాగేసుకుని, పిల్లవాడి చెయ్యి పట్టించాయి. ఆదివారం సాయంత్రం తలకు నూనె రాసి, దువ్వి, పౌడరు అద్ది, పిల్లల్ని తీసుకుని బయల్దేరితే అది షికారు.

ఎందుకిలా జరిగిందన్నదానికి నాకు తోచిన మొదటి కారణం చాలా మామూలుది. ఆ కుర్చీ ఖాళీగా లేదు. వేట అనే గట్టి తెలుగు మాట అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. కూర్చోవడమంటే మామూలుగా కాదు. కోస్తాలో మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లడం వేటే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ తూర్పు తీరంలో మరబోట్లు కదలకూడదన్న 61 రోజుల ఆంక్షను వేట నిషేధమనే అంటారు. అదే కోస్తాలో భోజన హోటలు బల్ల మీద వేటమాంసం అంటే మేకదో పొట్టేలుదో. అడవిలో తరిమిన జంతువు కాదు, పెరట్లో కట్టేసిన జంతువు. వేట అంత విస్తరించి ఉన్నచోట పైనుంచి వచ్చిన షికారుకు చంపే పని దొరకలేదు. పని దొరకని మాటలు ఊరికే ఉండవు, బయట తిరుగుతాయి. బ్రౌన్ దొర 1852లో తెలుగు నిఘంటువు వేసి, ఇలా వచ్చి చేరిన మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువని వేరే పుస్తకం కేటాయించాడు. పెద్దింటి పక్కన వసారా దించినట్టు. వసారాలో ఉన్నవాళ్లే ఎక్కువగా వీధిలోకి వెళ్లి వస్తారన్నది ఆయన ఊహించి ఉండడు.

రెండో కారణం కొంచెం చిత్రమైనది. పనిలేకుండా, పిల్లాజెల్లాతో ఊరికే బయటికెళ్లి రావడమనే దానికి పాత తెలుగులో సామాన్యుడి మాట ఏదని వెతికితే, తడుముకోవాల్సి వస్తుంది. జాతర ఉంది, దానికో దేవత ఉంది. తీర్థం ఉంది, దానికో మునక ఉంది. సంత ఉంది, దానికో బేరం ఉంది. పుట్టింటికి వెళ్లడం ఉంది, పెళ్లికి వెళ్లడం ఉంది. కార్తీకంలో వనభోజనాలున్నాయి, వాటిక్కూడా ఉసిరిచెట్టు నీడ, పుణ్యం అనే మిష ఒకటి ఉండాలి. పిల్లలకు వీటన్నింట్లోనూ వాటా ఉండేది, జాతరలో బూర, సంతలో మరమరాలు. కానీ ప్రయాణం వాళ్ల కోసం కాదు. ఏ మిషా లేకుండా బయల్దేరే హక్కు రాజులది. అందుకే ఆ పనికి మనకున్న మాటలన్నీ కోటల్లోంచి వచ్చినవే. వాహ్యాళి చూడండి. సంస్కృతంలో అది గుర్రాలను దౌడు తీయించే మైదానం. రాజు ఉదయం పూట గుర్రమెక్కి వెళ్లే చోటు. ఆ గుర్రం దిగిపోయి, ఇప్పుడది పింఛనుదారు చేతికర్రతో చేసే సాయంకాలపు నడక. షికారు అడుగుజాడ కూడా అదే. రెండూ రాచకేళి నుంచి జారి కాలినడకకు వచ్చాయి.

రాజుగారి వేటను ఊరి జనం చూసిన తీరు కూడా ఇందులో కలిసి ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటకు పేరుమోసినవాడు. ఆయన విడిది ఫొటోలు లాలా దీన్ దయాళ్ తీసినవి చాలామంది చూసే ఉంటారు. డేరాలు, ఏనుగులు, టోపీల దొరలు, మధ్యలో చచ్చిన పులి. పులి చావడం ఒక్క క్షణం. మిగతాదంతా వంటవాళ్లు, గుడారాలు, బళ్లు, గుంపులు గుంపులుగా వెళ్లడం, రావడం. దూరం నుంచి చూసేవాడికి వేట కనబడదు, ఊరేగింపు కనబడుతుంది. షికారులోంచి చావు తీసేసి చూస్తే మిగిలేది విహారయాత్రే. తెలుగు చేసింది ఆ తీసివేతే.

ఆశ్చర్యమేమిటంటే మాట వెళ్లిన దారిలోనే నేల కూడా వెళ్లింది. హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర నిజాం వేటభూమిగా ఉన్న అడవిని 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంగా, మహావీర్ హరిణ వనస్థలి చేశారు. కృష్ణజింకల మీదికి ఎక్కుపెట్టిన చోట ఇప్పుడు బడిపిల్లలు వాటికేసి వేలు చూపిస్తారు. అహింసే పరమధర్మమన్నవాడి పేరు వేటభూమికి పెట్టిన అధికారి ఎవరో గాని, చమత్కారం తెలిసినవాడు. మెదక్ దగ్గరి పోచారం అడవిదీ ఇదే కథ. నిజాం వేటకు వెళ్లిన చోటు, 1952 నుంచి అభయారణ్యం, పక్కనే చెరువు, ఆదివారాలు టిఫిను డబ్బాలతో కుటుంబాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేట దేశంలో నేరమైంది. పోలీసు భాషలో షికార్ ఇప్పుడు కేసు. తెలుగువాడు ఆ చట్టం రాకముందే నోటితో ఆ పని చేసేశాడు.

సంస్కృతం కూడా ఈ విషయంలో అమాయకురాలేం కాదు. మృగం అన్న మాటకు ధాతుపాఠం చెప్పే అర్థం అన్వేషణ. వెతకబడేది మృగం. మార్గం అన్న మాటకూ అదే అన్వేషణ. జంతువు వెళ్లిన జాడే దారి అయింది. వేటకూ నడకకూ చుట్టరికం ఇప్పటిది కాదన్నమాట.

ఈ చుట్టరికం తిరగబడి నడిచిన మాట ఒకటి జూ పార్కులో ఉంది. మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరులో తెరిచారు. పాతబస్తీ పిల్లలకు సెలవంటే సగం అదే. అక్కడ లయన్ సఫారీ ఉంది. సఫర్ అంటే అరబ్బీలో ప్రయాణం. పత్తర్‌గట్టిలో రోజుకు వందసార్లు వినబడే మాట. ఆ సఫర్ ఓడెక్కి తూర్పు ఆఫ్రికాకు పోయి స్వాహిలీలో సఫారీ అయింది. అక్కడ తెల్లదొరల చేతిలో పడి సింహాల వేట అయింది. తరవాత తుపాకీ స్థానంలో కెమెరా వచ్చి, మన జూకు చేరింది. ప్రయాణం వేటగా మారింది సఫారీలో. వేట ప్రయాణంగా మారింది షికారులో. రెండూ జూ గేటు దగ్గర ఎదురుపడ్డాయి. లోపల ఊచల బండిలో మనుషులు, బయట తీరిగ్గా సింహం. షికారు ఎవరిదో సింహానికే తెలియాలి. మన పత్రికలవాళ్లు కూడా ఈ అనుమానాన్ని వదలరు. ఊళ్లో చిరుత షికారు అని శీర్షిక పెడతారు. చిరుతను వేటాడటమా, చిరుత వేటాడటమా, చిరుత ఊరికే తిరగడమా? తెలుగు పాఠకుడు మూడోదే తీసుకుని తలుపు గడియ పెట్టుకుంటాడు.

జూ నుంచి పిల్లలు ఇంటికొచ్చి భలే తమాషాగా ఉందంటారు చూడండి, ఆ తమాషా కూడా నడకే. అరబ్బీలో కలిసి నడవడమనే క్రియలోంచి పుట్టి, పారసీలో సరదాకు తిరగడమై, తిరుగుతూ చూడటమై, చివరికి చూసే వస్తువే అయింది. నడిచిన మాట ఆగి ఆట అయితే, చంపిన మాట లేచి నడిచింది.

ఇక పత్తర్‌గట్టి. మదీనా చౌరస్తా నుంచి గుల్జార్ హౌజ్ వైపు వెళ్లే ఈ వీధికి రాతి కట్టడాల వల్ల ఆ పేరు. పేరులో రెండో సగం తెలుగు చెవికి గట్టిగానే వినబడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేశాక, 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరాన్ని మళ్లీ తీర్చిదిద్దింది. ఆ పనిలో కట్టినవే ఈ రాతి కమానుల వరసలు. కింద దుకాణాలు, ముందు నీడ, నీడలో నడక. ఎండలోనూ వానలోనూ జనం తీరిగ్గా నడవాలని ప్రభుత్వం డబ్బుపెట్టి కట్టిన బజారు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి? ఏ మిషా లేకుండా తిరిగే రాజు హక్కును రాతితో కట్టి జనానికి ఇచ్చినట్టే. ఆ నీడ చాలావరకు ఇప్పుడు బురఖాల కొట్లు, షేర్వాణీల బొమ్మలు, తోపుడు బండ్లు ఆక్రమించుకున్నాయి, అది వేరే సంగతి. 2021 అక్టోబరులో చార్మినార్ చుట్టూ ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్' అని మొదలుపెట్టినప్పుడు పిల్లలు నడిరోడ్డు మీద పరుగెత్తడం చూసినవాళ్లకు ఆ కమానుల ఉద్దేశం కాస్త అర్థమై ఉంటుంది.

ఈ వీధికి కుటుంబాలు రావడానికి కారణాలున్నాయి. రంజాన్ నెలలో రాత్రంతా దీపాలు, పండగ కొత్త బట్టలు, అత్తరు, టోపీలు, సేమియాలు. నెలవంక కనబడ్డ రాత్రి తండ్రి భుజాల మీద నిద్రపోయే పసివాళ్లు ఎంతమందో. తెల్లారితే వాళ్ల జేబుల్లో ఈదీ నోట్లు, పెద్దలిచ్చిన పండగ కానుకలు, పెళపెళలాడతాయి. దసరాకు ముందు తెలుగు కుటుంబాలు పటేల్ మార్కెట్ దిక్కు దిగుతాయి, బతుకమ్మకు చీరలు, పిల్లలకు గౌన్లు. పెళ్లి కుదిరితే ముత్యాలకు, గాజులకు. ఇవన్నీ పెద్దల పనులు. ఒకే కుటుంబం ఒకే గుమ్మం దాటి వస్తుంది గాని రెండు వేర్వేరు పనుల మీద వస్తుంది. పెద్దలు బేరానికి వస్తారు, పిల్లలు షికారుకు. గొడవంతా అక్కడే. దర్జీ కొలత తీసుకునే అరగంట తల్లికి నిమిషం, పిల్లవాడికి ఏడాది.

ఒకసారి ఒక బట్టల కొట్లో ఇలాంటి అరగంటే నడుస్తోంది. దుకాణదారు ఊరడించడానికి, క్యూఁ ఆయే బేటా అని అడిగాడు. ఐదారేళ్ల వాడు ఠక్కున షికారుకొచ్చాం అన్నాడు. ఆయన గడ్డం సవరించుకుని, అచ్ఛా, క్యా మారే షికార్ మే అన్నాడు. ఏం కొట్టావురా వేటలో అని. పిల్లవాడికి మారే అన్నది అందింది. నేనెవర్నీ కొట్టలేదని అమ్మకేసి చూశాడు. నిఘంటువులు రెండు ఎదురెదురుగా నిలబడ్డాయి, మధ్యలో తల్లి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. బేరం కాస్త తగ్గి కుదిరిందని వేరే చెప్పాలా.

పిల్లలకు ఆ వీధిలో తగినంత మృగయ ఉంది. గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు కమానుల్లో ఉత్తరానిది మఛ్లీ కమాన్. దాని మీద చేప ఎక్కడుందో వెతకమంటే పావుగంట గడుస్తుంది. కాస్త దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ పోగేసిన సరుకుతో అది మొదట 1951 డిసెంబరులో ఈ చుట్టుపక్కలే ఆయన దీవాన్ దేవ్‌డీలో తెరుచుకుంది, 1968లో నది ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. అక్కడ గడియారం ముందు గంట కొట్టే వేళకు జనం ముందే చేరి కూర్చుంటారు. లోపలి నుంచి బుల్లి మనిషి వచ్చి గంట కొట్టి వెళ్లిపోతాడు. పొదచాటున మాటువేసిన వేటగాడి ఓపిక అంటారే, అది నేను చూసింది ఆ కుర్చీల వరసల్లోనే. ఏనుగుదంతం సామాను, పరదా చాటు రెబెక్కా పాలరాతి బొమ్మ పెద్దలవి. ఆటబొమ్మల గది పిల్లలది. సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు, అయినా ఆటబొమ్మలు కొన్నాడు. ఇన్ని తరాల పిల్లలను షికారు తిప్పుతున్నాడు.

తిప్పుతున్నాడు అన్నాను. షికారు వ్యాకరణంలో అసలు కీలకం ఇదే. షికారు వెళ్లడం ఉంది, షికారు కొట్టడం ఉంది, షికారు తిప్పడం ఉంది. పిల్లల్ని అలా షికారు తిప్పి తీసుకురా అంటుంది బామ్మ. వేట అన్న క్రియకు కర్మ ఒక జంతువు. షికారు తిప్పడానికి కర్మ పిల్లవాడు. ఉర్దూలో షికార్ అంటే చిక్కిన జంతువని ముందే చెప్పుకున్నాం. ఆ జంతువు నిలబడ్డ చోట తెలుగు ఒక పిల్లవాడిని నిలబెట్టి, చంపడానికి బదులు తిప్పి, మళ్లీ ఇంటికి తీసుకురమ్మంది. తీసుకురా అన్నది లేకపోతే ఆ వాక్యం పూర్తి కాదు. వేట సఫలమైతే జంతువు ఇంటికి తిరిగిరాదు. షికారు సఫలమవడమంటే అందరూ తిరిగిరావడమే, ఒకడు భుజం మీద నిద్రలో, ఒకతె చెప్పు తెగి.

వచనం కూడా చూడాలి. షికారుకు వెళ్లాం అంటే ముచ్చట. షికార్లు కొడుతున్నాడు అంటే మందలింపు. ఏకవచనంలో ఉన్నంతసేపూ కుటుంబం, బహువచనంలోకి వస్తే పోకిరి. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి మన మగపిల్లలంతా మెల్లగా ఏకవచనం నుంచి బహువచనంలోకి జారుకుంటారు. అప్పుడు వాళ్లను అమ్మతో పత్తర్‌గట్టికి పిలిస్తే రారు. ఆడపిల్లల షికార్ల మీద మందలింపు మరీ ముందే మొదలవుతుందన్నది ఇంకో పేజీ రాయాల్సినంత సంగతి.

వేటగాడి మీద తెలుగుకు గౌరవం ఎందుకు తగ్గిందో ఇంకో రెండు మాటలు చెబుతాయి. మహబూబ్ అలీ ఖాన్ ముప్ఫై పులులను చంపాడని, అందుకే తీస్‌మార్‌ఖాన్ అయ్యాడని నగరంలో కథ. ముప్ఫై ఈగలను చంపినవాడని మరో కథ. మన వాడుకలో గెలిచింది రెండోది. వాడో పెద్ద తీస్‌మార్‌ఖాన్ అంటే వాడి చేత ఏమీ కాదని. తెలంగాణ ఊళ్లలో పిట్టలదొర వస్తాడు. ఖాకీ కోటు, దొరటోపీ, భుజాన కట్టె తుపాకీ. లేని జాగీర్లు, చేయని వేటలు ఏకరువు పెడతాడు. తుపాకి రాముడు అని కూడా పేరు. దొరలు వేటాడిన నేల మీద, వాళ్ల వెనక డప్పులు కొడుతూ పరుగెత్తినవాళ్ల మనవలు తయారుచేసుకున్న వేటగాడు ఇతను. ఇతని చుట్టూ మూగేది పిల్లలే. దొర వేట పోయి పిల్లల తమాషాగా మిగిలింది. షికారు అనే మాట నిఘంటువులో చేసిన ప్రయాణాన్ని పిట్టలదొర వీధిలో ఆడి చూపిస్తాడు.

అయితే వేట పూర్తిగా పోయిందనుకుంటే జనవరిలో గుల్జార్ హౌజ్ వైపు రావాలి. సంక్రాంతికి వారం ముందు నుంచీ పతంగులు, చరకాలు, మాంజా కొట్లు. తెలుగు, ఉర్దూ, మార్వాడీ పిల్లలు ఒకే కొట్టు ముందు ఒకే భాష మాట్లాడే రోజులవి. గాలిలో పేంచ్ పడి, అంటే దారానికి దారం మెలిపడి, పతంగి తెగితే మిద్దెలన్నీ అఫా అని ఒకే అరుపు. తెగినదాని కోసం ముళ్లకంప కట్టిన కర్రలతో గల్లీ గల్లీ పరుగు. దాన్ని లూట్నా అంటారు, దోచుకోవడం. షికార్ అని ఎవరూ అనరు గాని, మాటు, గురి, తరమడం, చిక్కించుకోవడం, చిక్కినదాన్ని తోటివాళ్లకు చూపించి గొప్పలు పోవడం, పాత అర్థం మొత్తం అక్కడుంది. పాత నెత్తురు కూడా కొంత ఉంది. గాజుపొడి పూసిన నైలాన్ దారం చెట్లకు చిక్కుకుని పండగ తరవాత కూడా పావురాలను, గద్దలను, కొంగలను కోస్తూనే ఉంటుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా ఆ చైనా మాంజాను నిషేధించింది. దుకాణం ముందు అడిగితే లేదంటారు, వెనక అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. పిల్లవాడితో వెళ్లిన తండ్రి నూలు మాంజా ఇప్పించమని అడిగితే, పక్కింటివాడి దారం ముందు ఇది ఆగదని కొడుకు అలుగుతాడు. అలకకు లొంగకుండా నూలుదే కొనాలి, నాలుగు పతంగులు ఎక్కువ కొనిచ్చినా సరే.

పండగ సాయంత్రం మిద్దె మీదికి అమ్మ ఎక్కుతుంది. మొహం కడుక్కో, బట్టలు మార్చుకో, అందరం అలా షికారు వెళ్లొద్దాం అంటుంది. వాడు ఆకాశం మీంచి చూపు తిప్పడు. నేను రాను, నువ్వెళ్లు అంటాడు.